మార్పించుకున్న ముక్కుకు మనవి

మహారాజశ్రీ ముక్కు గారికి,

మీకు అంగుళం పైన కాపురముంటున్న కళ్లు చెప్పగా చెయ్యి రాస్తున్న అర్జీ ఇది.

మీరు నా మొహంలో కొలువుదీరి ఎనిమిది నెలలు. అంతకుముందు అక్కడ మా జేజినాయన ముక్కు ఉండేది. నడుమ చిన్న గూనితో, కళ్లద్దాలు పెడితే జారనివ్వని ముక్కు. రెండు పెళ్లిచూపులు తప్పిపోతే ఆ నేరం దాని నెత్తిన రుద్ది, రెండు తులాల బంగారం కుదువపెట్టి, హైదరాబాదు పోయి చెక్కించాను. (వాళ్లు అడిగింది నా జీతం గురించని తర్వాత తెలిసింది. అది వేరే కథ.)

కడప మే నెల ఎండల్లో మొహానికి బద్దకట్టు, నోటితో ఊపిరి. తమ్ముడు ఎర్రకారం దోసె తెస్తే అట్టముక్క నమిలినట్టుంది. కట్టు విప్పాక చూస్తే మీరు బోండా. "వాపు దిగుతుంది, ఏడాది పడుతుంది, అన్నిటికన్నా చివర కొన దిగుతుంది, అంతదాకా రివిజన్, అదే రెండో ఆపరేషన్, మాటెత్తొద్దు" అన్నాడు డాక్టరు. కేసీ కెనాల్ కింద చివరి ఆయకట్టు రైతు ఎట్ల ఎదురుచూస్తాడో నాకిప్పుడు బాగా తెలిసింది.

అప్పటినుంచి పొద్దున లేస్తూనే మీ దర్శనం. సోమవారం ఎడమకు ఒరిగారు. మంగళవారం కుడికి. అడుగు దూరం నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు, ఐదడుగుల నుంచి తీసినదానికన్నా దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా డాక్టర్లు లెక్కగట్టారు. నేను అరడుగు దూరంలో తీసి, జూమ్ చేసి, పిల్లోళ్ల జామెట్రీ బాక్సులోని స్కేలు ఆనించాను. ఒక మిల్లీమీటరు వంకర తేలింది!

మళ్లీ డాక్టరు దగ్గరికి పోయాను. మీ నడిమి గోడలోని మెత్తటెముక మొదటిసారే వాడేశారట. ఇంకోసారి చెయ్యాలంటే చెవి నుంచో, పక్కటెముక నుంచో తేవాలట. గడప వంకరపోయిందని దూలం పీకడమన్నమాట. నేను ఎగిరి గంతేసి, ఏ పక్కటెముకో చెప్పమన్నాను.

మా సీమను కూడా ఏలిన టిప్పు సైనికులు కావస్‌జీ అనే బండి తోలేవాడి ముక్కు కోసేస్తే, నుదుటి చర్మం మలిచి కొత్తది అతికించారు. ఆ వైనం 1794లో లండన్ పత్రికలో బొమ్మతో సహా వచ్చింది. అదృష్టవంతుడు. ఆయనకు ఫ్రంట్ కెమెరా లేదు.

మొన్న సంక్రాంతికి జేజి ఊర్నించి వచ్చింది. గోడమీద జేజినాయన పటం చూసింది, నన్ను చూసింది. "ఆయప్ప ముక్కొకటి నీ మొగంలో తిరుగుతాండె. అది గూడా కొట్టేపిస్తివా?" అంది. నేను ఫోన్ తీసి మిల్లీమీటరు వంకర చూపించాను. ఆమెకు చత్వారం, ఫోన్ పక్కకు నెట్టేసింది. ముడతలు పడిన వేలితో మిమ్మల్ని పైనుంచి కిందికి తడిమింది.

"గాలి ఆడుతాందా నాయనా?"

ఈ ప్రశ్న ఇన్నాళ్లలో నన్నెవరూ అడగలేదు. డాక్టరు దగ్గర కూర్చున్న రెండుసార్లూ నేనూ ఎత్తలేదు. కుడి రంధ్రం వేలితో మూసి, గట్టిగా పీల్చి చూశాను.

ఎడమ వైపు నుంచి మీరు సన్నగా ఈల వేశారు.