“ఓటమి ఒప్పుకుంటే పార్టీ చచ్చినట్టే” అనే మాటకు నా జవాబు

ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ వాట్సాప్‌లో ఒకే రకం మెసేజ్ తిరుగుతుంది. పార్టీ రంగు మారుతుంది కానీ మాట మారదు. దాని సారాంశం ఇది: ఓడిపోవచ్చు అన్న మాట నాయకుడి నోట రాకూడదు, వస్తే కేడర్ చేతులెత్తేస్తుంది. ప్రత్యర్థికి మర్యాద ఇచ్చేవాడు లోపల కుమ్మక్కైనవాడు. ఓటమి ఒప్పుకున్నవాడి పని అక్కడితో అయిపోయినట్టే. అయినా మనం ఓడిపోం, ఓడితే అది మిషన్ల మోసం. ఇది యుద్ధం, యుద్ధంలో మర్యాదలుండవు.

2024లో మే 13న ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ అయింది. జూన్ 4న కౌంటింగ్. ఆ 22 రోజుల్లో ఈ మెసేజ్ నాకు రెండు పార్టీల వాళ్ల నుంచీ వచ్చింది. బాగా చదువుకున్నవాళ్లు, నేను గౌరవించే పెద్దవాళ్లు కూడా పంపారు. దీనివల్ల నష్టపోయిన మనిషిని దగ్గర్నుంచి చూశాను కాబట్టి, ఒక్కో మాటకీ జవాబు చెప్పాలనిపించింది.

“నాయకుడు ఓటమి గురించి మాట్లాడితే కేడర్ చేతులెత్తేస్తుంది.”

ప్రచారం నడుస్తుండగా అభ్యర్థి మైకు పట్టుకుని మనం ఓడిపోతున్నాం అని చెప్పక్కర్లేదు. అలా చెప్పమని ఎవరూ అడగట్లేదు కూడా. కానీ పోలింగ్ అయ్యాక సంగతేమిటి? ఓట్లు మిషన్లలో ఉన్నాయి. మిషన్లు స్ట్రాంగ్‌రూమ్‌లో ఉన్నాయి. తలుపులకు సీళ్లు పడ్డాయి. ఆ తర్వాత ఎంత ధీమాగా మాట్లాడినా ఒక్క ఓటు కూడా పెరగదు. మరి ఆ ధీమా ఎవరికోసం?

మా ఊరు డెల్టాలో ఉంది. మా ఊళ్లో ఒకాయన ఇరవై ఏళ్లుగా ఒకే పార్టీకి బూత్ ఏజెంటుగా కూర్చుంటున్నాడు. ఏ పార్టీ అన్నది ఇక్కడ అనవసరం. పోలింగ్ రోజు రాత్రి ఇంటికొచ్చి, “మన బూత్‌లో వెనకబడ్డాంరా” అన్నాడు నాతో. బూత్ ఏజెంటుకు ఆ సంగతి తెలియకుండా ఉండదు. ఏ ఇంటివాళ్లు ఎంతమంది వచ్చారు, ఎవరు పలకరించారు, ఎవరు చూపు తప్పించారు, అన్నీ గమనిస్తూనే ఉంటాడు. కానీ మర్నాటి నుంచి పైనుంచి ఫోన్లు మొదలయ్యాయి. వార్ వన్‌సైడ్ అన్నారు. గెలుపు గురించి కాదు, మెజారిటీ ఎంతో చెప్పమన్నారు. వారం తిరిగేసరికి ఆయన తన కళ్లతో చూసినదాన్ని పక్కన పెట్టి నాయకుడి మాట నమ్మాడు. అరెకరం తాకట్టు పెట్టి పందెం కాశాడు. జూన్ 4న మధ్యాహ్నం పన్నెండు కాకముందే ఆ అరెకరం పోయింది.

మన జిల్లాల్లో ఎన్నికల పందేలు ఎలా ఉంటాయో కొత్తగా చెప్పక్కర్లేదు. నియోజకవర్గంలోని అన్ని బూత్‌ల రిపోర్టులూ చేతిలో ఉన్న నాయకుడికి గాలి ఎటు వీస్తోందో తెలియదంటే నేను నమ్మను. “గట్టిగా పోరాడాం, ఫలితం ఎటైనా రావచ్చు, ఎవరూ పందేలు కాయొద్దు” అని ఒక్క ముక్క చెప్పి ఉంటే చాలు. ఆ మాట వల్ల పార్టీకి పోయేది ఏమీ లేదు, మా ఊరాయనకు అరెకరం మిగిలేది. కేడర్ కోసమే ఈ ధీమా అంటారు గానీ, దానికి మూల్యం కట్టేదీ కేడరే.

ఇంకో సంగతి. కేడర్ అంత పిరికిది కూడా కాదు. 2023లో తెలంగాణలో 119 సీట్లకు 2,290 మంది బరిలో ఉన్నారు. వాళ్లలో చాలామందికి తాము గెలవబోమని నామినేషన్ వేసిన రోజే తెలుసు. డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతుకు మించి రావాలని, అది కూడా రాదని తెలుసు. అయినా నిలబడ్డారు, వాళ్ల వెనక మనుషులు తిరిగారు. కామారెడ్డిలోనైతే అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, నాలుగు రోజుల్లో ముఖ్యమంత్రి కాబోతున్న రేవంత్ రెడ్డి, ఇద్దరూ బీజేపీ అభ్యర్థి చేతిలో ఓడిపోయారు. ఓటమి ఎవరికైనా వస్తుందని కార్యకర్తకు తెలుసు. ఆ సంగతి వాడి దగ్గర దాచాలనుకోవడమే వాణ్ని తక్కువ చేయడం.

“ప్రత్యర్థిని గౌరవించేవాడు కుమ్మక్కైనవాడు.”

ఈ మాట చదివినప్పుడల్లా నాకు 1991 నంద్యాల గుర్తొస్తుంది. పీవీ నరసింహారావు ఆ జూన్‌లో ప్రధాని అయ్యేనాటికి ఎంపీ కారు. ఆరు నెలల్లో గెలవాలి. నంద్యాల ఉప ఎన్నికకు నిలబడ్డారు. ఎన్టీఆర్ పుట్టిందే కాంగ్రెస్ వ్యతిరేకతలోంచి, రాజకీయంగా ఆయన ఊపిరి అదే. రెండేళ్ల కిందటే, 1989లో, కాంగ్రెస్ చేతిలో అధికారం పోగొట్టుకున్నారు. కల్వకుర్తిలో స్వయంగా ఓడిపోయారు. పగ తీర్చుకోవాలనుకుంటే అంతకంటే మంచి అవకాశం దొరకదు. అయినా తెలుగువాడు ప్రధాని అయ్యాడని, టీడీపీ తరఫున అభ్యర్థిని పెట్టలేదు. పీవీ 5 లక్షల 80 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు.

దీనివల్ల ఎన్టీఆర్ కేడర్ చచ్చిపోయిందా? 1994 ఎన్నికలు చూడండి. అప్పటికీ ఢిల్లీలో ప్రధాని పీవీయే. టీడీపీకి 216 సీట్లు వచ్చాయి, కాంగ్రెస్‌కు 26. నంద్యాలలో పోటీ పెట్టనందుకు ఎన్టీఆర్‌ను ఓటరు శిక్షించలేదు. పీవీని గౌరవించాడు కాబట్టి కాంగ్రెస్‌ను వదిలేశాడనీ అనుకోలేదు. మనిషికిచ్చే మర్యాద వేరు, పార్టీతో చేసే పోరాటం వేరు అని జనానికి స్పష్టంగా తెలుసు.

దీనికి ఎదురు ప్రశ్న ఒకటుంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. 1992లో టీడీపీ ఎంపీలు కొందరు విడిపోయి పీవీ ప్రభుత్వం వైపు వెళ్లారు, మర్యాదకు దక్కిన ఫలితం అదేనా అంటారు. నిజమే, జరిగింది. అయితే ఆ తప్పు చీలిపోయినవాళ్లది, చీల్చినవాళ్లది. మర్యాద చూపినవాడిది ఎలా అవుతుంది? పైగా ఆ చీలిక జరిగిన రెండేళ్లకే కదా ఆ 216 వచ్చింది.

పీవీ కూడా ఇలాంటి పనే ఒకటి చేశారు. 1994లో కశ్మీర్ మీద పాకిస్తాన్ జెనీవాలో, ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్‌లో తీర్మానం తెచ్చింది. అక్కడికి వెళ్లే భారత బృందానికి పీవీ నాయకుడిగా పంపింది ప్రతిపక్షంలో ఉన్న వాజ్‌పేయిని. బాబ్రీ మసీదు కూలి రెండేళ్లు కూడా కాలేదు, కాంగ్రెస్‌కూ బీజేపీకీ మధ్య మంట ఏ స్థాయిలో ఉండేదో ఊహించుకోండి. వాజ్‌పేయి వెళ్లారు, దేశం తరఫున మాట్లాడారు. పాకిస్తాన్ ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. తిరిగొచ్చాక వాజ్‌పేయి కాంగ్రెస్‌లో చేరలేదు. రెండేళ్లకు ఎన్నికల్లో పీవీ పార్టీనే ఓడించారు.

దగ్గరి కాలం కావాలంటే 2023 డిసెంబరు ఉంది. 3న ఫలితాలు వచ్చిన రోజే కేటీఆర్ కాంగ్రెస్‌కు అభినందనలు చెప్పారు. ఆ వారంలోనే కేసీఆర్ పడిపోయి తుంటి ఎముక విరిగితే, కొత్త ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆసుపత్రికి వెళ్లి పలకరించారు. ఆ ఇద్దరి మధ్య అంతకుముందు మాటలు ఎంత ఘాటుగా నడిచాయో, ఆ తర్వాత ఎంత ఘాటుగా నడుస్తున్నాయో అందరం వింటున్నాం. ఆసుపత్రిలో పలకరిస్తే పోరాటం ఆగిపోలేదు.

“ఓటమి ఒప్పుకున్నవాడి పని అయిపోయినట్టే.”

ఇది చరిత్ర తెలియక అనే మాట. 1996 మేలో వాజ్‌పేయి 13 రోజులు ప్రధానిగా ఉన్నారు. సభలో బలం లేదని ఆయనకు తెలుసు, దేశానికీ తెలుసు. చర్చకు నిలబడి, చెప్పదలచుకున్నది చెప్పి, ఓటింగ్ దాకా రాకుండానే రాజీనామా ఇవ్వడానికి రాష్ట్రపతి దగ్గరకు వెళ్తున్నానన్నారు. 1998లో మళ్లీ ప్రధాని అయ్యారు. 1999 ఏప్రిల్‌లో 269, 270 లెక్కన ఒక్క ఓటుతో ప్రభుత్వం పోయింది. ఆ అక్టోబరుకల్లా గెలిచి తిరిగొచ్చారు.

మన నీలం సంజీవరెడ్డి 1969 రాష్ట్రపతి ఎన్నికలో, కాంగ్రెస్ పార్టీ అభ్యర్థి అయ్యుండి, ఇంకో తెలుగువాడు వీవీ గిరి చేతిలో ఓడిపోయారు. రెండో ప్రాధాన్య ఓట్లు కూడా లెక్కిస్తే గానీ తేలనంత దగ్గరి పోటీ అది. అందులోనూ ఓడించింది తన పార్టీ ప్రధాని ఇందిరా గాంధీయే అన్నంత పని జరిగింది. ఆయన కొన్నేళ్లు ఊరెళ్లి వ్యవసాయం చేసుకున్నారు. 1977లో రాష్ట్రంలో 42 సీట్లకు 41 కాంగ్రెస్ గెలిస్తే, మిగిలిన ఒక్క నంద్యాలలో జనతా పార్టీ తరఫున గెలిచింది ఆయనే. అదే ఏడాది పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. ఇందిరా గాంధీ సంగతీ అంతే. 1977లో రాయ్‌బరేలీలో 55 వేల ఓట్లతో ఓడి దిగిపోయిన మనిషి, 1980లో మన మెదక్ నుంచి కూడా గెలిచి ప్రధాని అయ్యారు.

“ఓడితే మిషన్ల మోసమే.”

ఈ మాట మన రాష్ట్రంలో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరుగుతోంది. 2019 ఎన్నికలప్పుడు ఈవీఎంలను చంద్రబాబు ప్రశ్నించారు. 2024లో ఓడాక జగన్ పేపర్ బ్యాలెట్ కావాలన్నారు. గెలిచిన ఏడాది ఇద్దరిలో ఎవరికీ ఆ మిషన్ల మీద ఫిర్యాదు లేదు.

అనుమానం రావడం తప్పు కాదు. అడగడం ప్రతి అభ్యర్థి హక్కు. అందుకు దారులున్నాయి. పోలింగ్ అయ్యాక బూత్‌లో మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో రాసిన ఫారం 17సీ కాపీ ఏజెంటుకు ఇస్తారు, కౌంటింగ్ రోజు దాంతో సరిచూసుకోవచ్చు. ఒక్కో అసెంబ్లీ నియోజకవర్గంలో ఐదు బూత్‌ల వీవీప్యాట్ స్లిప్పులు, అంటే ఓటు ఎవరికి పడిందో చూపే కాగితాలు, లెక్కిస్తారు. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం రెండు, మూడు స్థానాల్లో ఉన్న అభ్యర్థులు ఫలితం వచ్చిన ఏడు రోజుల్లో 5 శాతం మిషన్ల తనిఖీ అడగవచ్చు. 45 రోజుల్లో హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయవచ్చు. ఓడిపోతున్నామని తెలిసిన ఏజెంటే చివరి రౌండు దాకా కూర్చుని లెక్క రాసుకోవాలి. మిషన్ల మోసం అని అరిచి మధ్యలో లేచిపోయినవాడి దగ్గర రేపు కోర్టుకు చూపించడానికి కాగితం ఉండదు.

రాజ్‌నారాయణ్ చేసింది ఇదే. 1971లో రాయ్‌బరేలీలో ఇందిర చేతిలో లక్షకు పైగా ఓట్లతో ఓడిపోయారు. అలహాబాద్ హైకోర్టుకు వెళ్లారు. నాలుగేళ్లు కేసు నడిపారు. 1975 జూన్ 12న ఆ ఎన్నిక చెల్లదని తీర్పు వచ్చింది. 1977లో అదే సీటులో ఇందిరను ఓడించింది కూడా ఆయనే.

“ఇది యుద్ధం.”

మెసేజ్ రాసేవాడికి యుద్ధమే కావచ్చు, వాడు ఫోన్ పక్కన పెట్టి పడుకుంటాడు. 2024 మే 13 తర్వాత పల్నాడులో, తాడిపత్రిలో, చంద్రగిరిలో జరిగిన గొడవల మీద ఎన్నికల సంఘం ఆదేశంతో ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని (సిట్) వేశారు. అలాంటి గొడవలు జరిగిన ఊళ్లలో మగవాళ్లు రాత్రిళ్లు ఇళ్లలో ఉండలేని పరిస్థితి వస్తుంది. ఆసుపత్రి ఖర్చులు, కోర్టు వాయిదాలు ఏళ్ల తరబడి ఆ కుటుంబాలే మోస్తాయి.

మా ఊరి బూత్ ఏజెంటుకు ఎదురు పార్టీ ఏజెంటు ఉన్నాడు. ఇద్దరిదీ ఒకే వయసు, ఇద్దరి చేలకూ ఒకే పంటబోదె నీళ్లు. పోలింగ్ రోజు పొద్దుట ఆరింటి నుంచి పక్కపక్కనే కూర్చుంటారు. ఒక్కో పేరు దగ్గరా వాదించుకుంటారు. మధ్యాహ్నం ఒకే క్యారేజీలో తింటారు. జూన్ 4 సాయంత్రం గెలిచినవాళ్ల ఊరేగింపు డీజేతో మా వీధి మొదట్లోకి వచ్చింది. ఓడినాయన ఇంటి తలుపులు వేసి ఉన్నాయి, లోపల ఆయన భార్య ఏడుస్తోంది. కుర్రాళ్లు ఆ గుమ్మం ముందే టపాసుల పెట్టె దించబోయారు. ఎదురు పార్టీ ఏజెంటు మెడలో కండువాతోనే ట్రాక్టరుకు అడ్డం వెళ్లి నిలబడ్డాడు. “ఒరేయ్, ఇటు వద్దు. చెరువుగట్టు మీదుగా తిప్పండి” అన్నాడు. ట్రాక్టరు వెనక్కి తిరిగింది. ఆయన మాత్రం ఊరేగింపుతో వెళ్లలేదు. ఆ తలుపు కొట్టి, “అన్నయ్యా, నేనే” అన్నాడు.