నల్లకుంటలో దొరికిన తిమింగలం

నల్లధనంపై ప్రపంచ దేశాలన్నీ కలిసి సాగిస్తున్న మహాసంగ్రామంలో ఎట్టకేలకు ఒక తిమింగలం పట్టుబడింది. స్థలం నల్లకుంట. ముద్దాయి, ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెప్పి రిటైరై, ఎనభైకి దగ్గరపడిన మా పక్క వాటా టీచరుగారు. మ్యూచువల్ ఫండ్ కాగితాల్లో తన నంబరుకు బదులు డాలస్‌లో ఉన్న కొడుకు నంబరు రాయడమే ఆవిడ చేసిన నేరం. ప్లస్ ఒకటితో మొదలయ్యే నంబరు చూడగానే కంప్యూటరు ఉలిక్కిపడింది. ఈమె అమెరికాకు పన్ను కట్టవలసిన మనిషేమోనని అనుమానించి, కంటి ఆపరేషను కోసం ఆవిడ తీసుకోబోయిన సొంత డబ్బును ఆపేసింది.

కౌంటరులో కుర్రవాడు మర్యాదస్తుడే. "అమ్మా, మీరు అమెరికన్ కాదని రుజువు తేవాలి" అన్నాడు.

"అమెరికన్‌నని ఎవరన్నారు బాబూ?"

"మీ ఫోను నంబరు అంటోందమ్మా. పుట్టిన దేశం ఏది?"

"జనగామ."

"ఊరు కాదమ్మా, దేశం."

"నేను పుట్టేనాటికి అది నిజాం రాజ్యం. ఏమని రాయమంటావు?"

కుర్రవాడు పాపం పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వెతికి, "ఆ దేశం మా జాబితాలో లేదమ్మా" అన్నాడు.

జాబితాలో లేకపోయినా విదేశీ ఖాతాల విద్యలో ఆ రాజ్యం ఎవరికీ తీసిపోలేదు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదుకు వచ్చిన రోజుల్లోనే నిజాం ప్రభుత్వానికి చెందిన 10 లక్షల పౌండ్లకు పైగా సొమ్ము లండనులోని పాకిస్తాన్ హైకమిషనరు ఖాతాలోకి వెళ్లింది. నిజాం కొద్ది రోజులకే వెనక్కి ఇమ్మన్నాడు. బ్యాంకు ఎవరికీ ఇవ్వకుండా దాచింది. 2019 అక్టోబరులో లండను హైకోర్టు తీర్పు చెప్పేనాటికి అది పెరిగి 3.5 కోట్ల పౌండ్లయింది. ఒక్క ఖాతాలో ఒక రాజ్యం, రెండు దేశాలు, 71 ఏళ్లు. టీచరుగారి ఫోను నంబరు ముందు ఇదెంత లెండి.

ఆవిడకు పట్టిన గ్రహం పేరు ఫాట్కా. అమెరికా 2010లో చేసిన చట్టం. భూమ్మీద ఏ బ్యాంకులో తమవాళ్ల ఖాతా ఉన్నా వివరాలు పంపాలి, పంపకపోతే అమెరికా నుంచి ఆ బ్యాంకుకు రావలసిన సొమ్ములో 30 శాతం పట్టుకుంటారు. మనం 2015 జులైలో సంతకం పెట్టాం. అంతకు ముందే, 2014లో, ఓఈసీడీ అనే సంపన్న దేశాల సంఘం అదే పద్ధతిని లోకమంతటికీ తయారుచేసింది. ఇప్పుడు వందకు పైగా దేశాలు ఏటా ఒకరి ఖాతాలు ఒకరికి చెప్పుకుంటున్నాయి. 1934 నుంచి బ్యాంకు రహస్యాన్ని చట్టం చేసుకుని కాపాడిన స్విట్జర్లాండ్ కూడా 2019లో మనకు మొదటి విడత జాబితా పంపింది. ఈ సత్యవ్రతంలో చేరని అతి పెద్ద దేశం ఏదో చెప్పనక్కరలేదు. ఫాట్కా ఒప్పందం కింద మనం ఖాతా నిలువతో సహా పంపుతాం. అమెరికా నుంచి వచ్చేది వడ్డీ, డివిడెండు లెక్కలు. నిలువ ఎంతో చెప్పరు, కంపెనీ ముసుగులో ఉన్న మనిషి ఎవరో అసలే చెప్పరు. మనం పట్టుచీర పెడితే వాళ్లు రవికెముక్క చేతిలో పెట్టారన్నమాట.

అలాగని లోకంలో కఠినత్వం లేదనుకునేరు. 2009 ఏప్రిల్ 2న లండనులో జీ-20 నేతలు బ్యాంకు రహస్యాల యుగం ముగిసిందని ప్రకటించారు. అదే రోజు ఓఈసీడీ, పన్ను సమాచారం ఇవ్వడానికి ఒప్పుకోని దేశాల నల్లజాబితాలో నాలుగు దేశాలను పెట్టింది. అయిదు రోజుల్లో నాలుగూ మాట ఇచ్చి బయటపడ్డాయి, జాబితా ఖాళీ. ఆ పైనున్న బూడిదరంగు జాబితా దాటాలంటే పన్ను సమాచారం ఇచ్చిపుచ్చుకునే ఒప్పందాలు పన్నెండు చూపాలన్నారు. వ్యక్తుల ఆదాయానికి పన్ను లేని మొనాకో వెళ్లి శాన్ మారినో అనే మరో బుల్లి దేశంతో సంతకం చేసింది. కొన్ని దీవులు గ్రీన్‌లాండ్‌తో చేసుకున్నాయి.

ఆదాయపు పన్ను లేని కేమన్ దీవుల్లో అయిదంతస్తుల భవనం ఒకటుంది. 2008లో అమెరికా ప్రభుత్వ సంస్థే లెక్కపెడితే 18,857 సంస్థలకు అదే చిరునామా. ఎంత అన్యాయమని అమెరికా నేతలు గుండెలు బాదుకున్నారు. వారి సొంత డెలావేర్ రాష్ట్రంలో, విల్మింగ్టన్‌లోని 1209 నార్త్ ఆరెంజ్ వీధిలో ఒంటి అంతస్తు ఇటుక కట్టడం ఉంది. 2012 నాటికి అందులో 2.85 లక్షల సంస్థలు కాపురమున్నాయి. పాపం, బాదుకోవడానికి అప్పటికి గుండెలు మిగల్లేదు.

మా అపార్టుమెంటులో ఉన్నవి పన్నెండు వాటాలు. వాటికే రెండు వర్గాలు, మూడు వాట్సాప్ గుంపులు. ఆ విల్మింగ్టన్ కట్టడానికీ ఒక సంఘం పెట్టి, కార్యదర్శిగా మా సందులోని ఇంటి యజమానురాలిని పంపాలని నా కోరిక. అద్దెకు రెండు గదులు అడిగినవాడి సొంతూరు, ఉద్యోగం, గోత్రం, మాంసాహారం, రాబోయే చుట్టాల సంఖ్య అయిదు నిమిషాల్లో రాబట్టే మనిషి ఆవిడ. సర్వసభ్య సమావేశానికి 2.85 లక్షల సభ్యుల తరఫున ఒకే గుమాస్తా ఒక సంచీతో వస్తాడు. నీళ్ల ట్యాంకరు ఖర్చు చదివితే, మావాళ్లెవరూ నీళ్లు తాగరండి అంటాడు. పార్కింగు తగాదా ఎత్తితే, మావాళ్లకు కాళ్లూ లేవు, కార్లూ లేవు అంటాడు. "సరే నాయనా, నూట నాలుగో వాటా ఎవరిది?" "ఒక కంపెనీదండి." "అది ఎవరిది?" "ఇంకో కంపెనీది." "దాని పెద్ద ఎవరు?" "అమెరికాలోనే దక్షిణ డకోటా రాష్ట్రంలో ఒక ట్రస్టు." "ఆ ట్రస్టు సొమ్ము తినేదెవరు?" "అలా అడగడం మర్యాద కాదండి." మా యజమానురాలు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "అడ్వాన్సు వెనక్కి ఇచ్చేస్తాను, నెలాఖరుకు ఖాళీ చేయండి" అంటుంది. ఓఈసీడీ పాతికేళ్లలో చేయలేని పని ఒక్క సాయంత్రంలో తేలిపోతుంది.

మనమేమీ తక్కువ తినలేదు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు గనక మొయినాబాద్ ఫామ్‌హౌసుల్లో గులాబీ చెట్లకు నోట్లు పూస్తాయి. గుజరాత్‌లో గాంధీనగర్ దగ్గర ఆర్థిక సంస్థల కోసం గిఫ్ట్ సిటీ కట్టాం. సముద్రం లేని లోటే గాని దీవికి ఉండవలసిన పన్ను సెలవులన్నీ ఉన్నాయి.

2021లో అమెరికాయే ఒక చట్టం చేసింది. కంపెనీ అసలు యజమాని పేరు ప్రభుత్వానికి చెప్పాలి. ఊరందరికీ కాదు, ప్రభుత్వానికి మాత్రమే. 2025 మార్చిలో తమ దేశపు కంపెనీలకు ఆ బాధ్యత ఎత్తేశారు. భారమవుతోందట! పేరు రాయడం భారమా? భారమంటే ఏమిటో నేను చూశాను. కళ్లు కనబడని మనిషి, తన డబ్బు తాను తీసుకోవడానికి, తాను పరదేశి కాదని మూడు కాగితాల మీద సంతకం చేస్తూ, గీత ఎక్కడుందో వేలితో తడుముకోవడం భారం. ఆవిడ పన్ను జీతం చేతికి రాకముందే కోసుకున్నారు, ముప్ఫై ఏళ్లు. ఆవిడను అనుమానించడానికి యంత్రాలున్నాయి. నూట నాలుగో వాటా వాడిని అడగడానికి సిగ్గు అడ్డం వస్తుంది. సిగ్గులేని సిగ్గు!

పెద్ద కంపెనీలు ఎక్కడున్నా కనీసం 15 శాతం పన్ను కట్టాలని 2021 అక్టోబరులో 136 దేశాలు ఒప్పుకున్నాయి. 2025 జూన్‌లో జీ-7 దేశాలు కూర్చుని అమెరికా కంపెనీలను అందులోని ముఖ్య నిబంధనల నుంచి తప్పించడానికి సరేనన్నాయి.

ఇక పన్ను విషయంలో సహకరించని దేశాలంటూ ఐరోపా సంఘం వారు పెట్టిన నల్లజాబితా. 2025 ఫిబ్రవరిలో అందులో పదకొండు పేర్లున్నాయి. ఇరవై వేల జనాభా కూడా లేని పలావు అనే పసిఫిక్ దీవుల దేశం ఉంది. గువామ్ ఉంది, అమెరికన్ సమోవా ఉంది, అమెరికా వర్జిన్ దీవులు ఉన్నాయి. ఈ చివరి మూడింటి మీద ఎగిరే జెండా అమెరికాదే. ఆ జెండా సొంతదారు పేరు మాత్రం లేదు. పోనీ ఇంట్లో ఉన్న లక్సెంబర్గ్, ఐర్లాండ్, నెదర్లాండ్స్, మాల్టాల సంగతేమిటంటే, సభ్యదేశాలను ఈ జాబితా కోసం పరిశీలించకూడదన్నది నియమం. ఆ నియమం పెట్టుకున్నది సభ్యదేశాలే.