ఉచితంగా ఇస్తుంటే దొంగిలించడం ఎందుకు?

కొత్త కంప్యూటర్ కొన్నప్పుడు మన ఊళ్ళలో షాపువాళ్ళు అడిగే మొదటి ప్రశ్న: "అన్నీ ఎక్కించి ఇమ్మంటారా?" ఆ "అన్నీ" అనే మాటలో ఏమేం ఉంటాయో కొనేవాళ్ళలో చాలామందికి తెలియదు. క్రాక్ చేసిన (అంటే లైసెన్సు తాళం పగలగొట్టిన) ఆఫీసు, క్రాక్ చేసిన ఫొటో ఎడిటరు, క్రాక్ చేసిన డౌన్‌లోడ్ మేనేజరు, చివరికి జిప్ ఫైలు విప్పడానికి కూడా ఒక క్రాక్. మూడు నాలుగు వందలకే లక్షల రూపాయల సాఫ్ట్‌వేర్ చేతికొచ్చిందని సంబరపడుతూ ఇంటికి వెళతారు.

ఈ అలవాటు మీద నాకు ఉన్న కోపం ఇంతా అంతా కాదు. అది ఎక్కడ మొదలైందో చెబుతాను.

మా బావ ఒక చిన్న పట్టణంలో డీటీపీ షాపు నడుపుతాడు. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీలు, బడి పిల్లల ప్రాజెక్టులు. నాలుగేళ్ళ కిందట ఒక ఉదయం ఫోను చేశాడు. "ఒకసారి రాగలవా? ఫైళ్ళన్నిటికీ తోకలు మొలిచాయి. ఒక్కటీ తెరుచుకోవడం లేదు" అన్నాడు. వెళ్ళి చూస్తే అంతే. ప్రతి ఫైలు పేరు చివరా అర్థంలేని నాలుగు అక్షరాలు. ప్రతి ఫోల్డరులోనూ ఒక ఉత్తరం: 980 డాలర్లు కట్టండి, 72 గంటల లోపు కడితే 490 డాలర్లు చాలు.

దాని పేరు స్టాప్, దానికే డిజావూ అని మరో పేరు. ఫైళ్ళకు తాళం వేసి డబ్బు గుంజే ఈ వైరస్ ఎక్కువగా పెద్ద కంపెనీల మీద పడదు. క్రాకులు, కీజెన్లు (దొంగ లైసెన్సు నంబర్లు పుట్టించే ప్రోగ్రాములు) వెతుక్కునే మామూలు మనుషుల మీద పడుతుంది. బావ షాపులోకి వచ్చిందీ అలాగే. ముందురోజు సాయంత్రం ఎవరో ఎనభై పేజీల పీడీఎఫ్ తెచ్చి అందులో పన్నెండు పేజీలు విడదీసి ఇమ్మన్నారు. షాపులోని కుర్రాడు అందుకోసం ఒక ఖరీదైన పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్ క్రాక్ దింపాడు. దానితో వచ్చిన సూచనల్లో "ముందు యాంటీవైరస్ ఆపండి" అని ఉంది. ఆపాడు. కుర్రాడిని నేను తప్పు పట్టను. వాడికి ఎవరైనా నేర్పింది అదే.

పీడీఎఫ్ పేజీలు విడదీయడానికి, కలపడానికి పీడీఎఫ్‌శామ్ అనే ప్రోగ్రాము ఉంది. దాని బేసిక్ రూపానికి ఒక్క రూపాయి కట్టనక్కరలేదు, దాని సోర్సు కోడు కూడా అందరికీ తెరిచే ఉంది. పన్నెండు పేజీల కోసం బావ పోగొట్టుకున్నది పదకొండేళ్ళ పని.

ఈ వైరస్ బాధితుల కోసం ఎమ్సిసాఫ్ట్ కంపెనీ 2019లో ఒక ఉచిత డిక్రిప్టర్ (తాళం విప్పే ప్రోగ్రాము) విడుదల చేసింది. వైరస్ తన సర్వరును అందుకోలేక, తనలో ముందే ఉన్న తాళంతో పని కానిస్తే ఆ ఫైళ్ళను విప్పే అవకాశం ఉంటుంది. సర్వరు నుంచి ప్రతి కంప్యూటరుకూ వేరుగా వచ్చిన తాళమైతే ఆ అవకాశం లేదు. బావది రెండో రకం. ఆ మాట చెప్పినప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను.

చివరికి ఆదుకున్నది అటక మీది పాత సీపీయూ. కొత్తది కొన్నప్పుడు పక్కన పడేసినది. దానిలోని హార్డ్ డిస్కు విప్పి తీశాను. నా సంచిలో ఎప్పుడూ ఒక సాటా–యూఎస్‌బీ అడాప్టర్ ఉంటుంది. అరచేతిలో ఇమిడే వస్తువు. ఒక చివర హార్డ్ డిస్కుకు తగిలించి, రెండో చివర కంప్యూటరుకు పెడితే ఆ డిస్కు పెన్‌డ్రైవులా కనిపిస్తుంది. లాప్‌టాప్ డిస్కుకు యూఎస్‌బీ కరెంటే సరిపోతుంది. డెస్క్‌టాప్ డిస్కుకు 12 వోల్టులు కావాలి కాబట్టి వేరే కరెంటు ప్లగ్గుతో వచ్చే రకం కొనుక్కోవాలి. కొనేటప్పుడు ఇది చూడక చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు.

డిస్కు తిరిగింది. కానీ క్రిస్టల్ డిస్క్‌ఇన్ఫోలో చూస్తే నీలానికి బదులు పసుపు రంగు. హార్డ్ డిస్కు తన ఆరోగ్యాన్ని తానే రాసి పెట్టుకుంటుంది: ఎన్ని గంటలు పనిచేసింది, ఎంత వేడెక్కింది, ఎన్ని సెక్టార్లు (డేటా రాసుకునే చిన్న గళ్ళు) చెడితే వాటి బదులు వేరేవి వాడుకుంది, ఎన్ని సెక్టార్లు చదవలేక పక్కన పెట్టింది. ఆ లెక్కను తెర మీద చూపించే చిన్న ప్రోగ్రాము ఇది. జపాన్‌లో ఒక ప్రోగ్రామరు రాసి ఉచితంగా ఇచ్చాడు. పసుపు కనిపించిందంటే ఆ డిస్కును ఇక నమ్మకూడదు. అలాంటి డిస్కులో ఫైళ్ళు ఒక్కొక్కటే తెరిచి చూడటం జ్వరంతో ఉన్నవాడిచేత మెట్లెక్కించడమే.

అందుకని విండోస్ బదులు వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టం లైనక్స్ మీద, చెడుతున్న డిస్కును కాపీ తీసే డీడీరెస్క్యూ నడిపాను. దీని తెలివి నాకు ఎంత చెప్పినా తనివి తీరదు. మామూలు కాపీ చెడ్డ చోట ఆగిపోయి అక్కడే కొట్టుకుంటుంది. డీడీరెస్క్యూ ముందు బాగున్న భాగాలన్నీ గబగబా తీసేసుకుంటుంది. చెడ్డ భాగాలను గుర్తు పెట్టుకుని చివర వాటి దగ్గరకు తిరిగి వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా మొదటికి రాదు. రాత్రంతా నడిచింది. తెల్లవారేసరికి దాదాపు డిస్కంతా వచ్చేసింది. ఆ కంప్యూటరు వాడిన ఏడేళ్ళ కార్డులు దక్కాయి. తరువాతి నాలుగేళ్ళవి పోయాయి.

ఆ రాత్రి నేను వాడిన ప్రోగ్రాముల్లో ఒక్కదానికీ ఎవరూ ఒక్క రూపాయి అడగలేదు.

మనవాళ్ళ మనసులో ఒక లెక్క పాతుకుపోయింది. ఉచితమంటే నాసిరకం, ఖరీదైనదంటే గొప్పది, కాబట్టి ఖరీదైనదాన్ని ఎలాగోలా సంపాదించాలి. సాఫ్ట్‌వేరులో ఈ లెక్క పనిచేయదు. సెవెన్–జిప్ చూడండి. ఇగోర్ పావ్లోవ్ అనే రష్యన్ ప్రోగ్రామరు 1999 నుంచి దాన్ని రాస్తూ, సరిదిద్దుతూ, ఉచితంగా ఇస్తూనే ఉన్నాడు. ఇన్‌స్టాల్ చేసే ఫైలు ఒక ఫొటో అంత ఉండదు. అది ఉండగా జిప్ విప్పడానికి క్రాక్ వెతికే మనిషికి ఏం చెప్పాలి?

వీఎల్‌సీని మనలో ఎవరు వాడలేదు? 1996లో పారిస్ దగ్గరి ఒక ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థులు తమ క్యాంపస్ నెట్‌వర్కులో వీడియో పంపుకోవడానికి మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. 2001 నుంచి దాని కోడు అందరిదీ అయింది. నారింజ రంగు ట్రాఫిక్ కోన్ గుర్తు కూడా ఆ విద్యార్థులు హాస్టలుకు మోసుకొచ్చి పోగేసిన కోన్ల నుంచి వచ్చిందే. ప్రకటనలు పెట్టుకోమని పెద్ద మొత్తాలు ఇవ్వజూపినా దాని నిర్వాహకుడు ఝాన్–బాప్టిస్ట్ కెంఫ్ ఒప్పుకోలేదు. అలాంటి సంస్థ వెబ్‌సైటు మన దేశంలో 2022లో కొన్ని నెలలు తెరుచుకోలేదు. వాళ్ళు లీగల్ నోటీసు పంపాక ఆ ఏడాది నవంబరులో నిషేధం తొలగింది. అసలు తలుపు మూసుకుంటే జనం ఎక్కడెక్కడి సైట్ల నుంచో దింపుకుంటారు. దొంగలకు కావలసిందీ అదే.

అందుకే ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. ఉచిత సాఫ్ట్‌వేరును దాని సొంత ఇంటి నుంచే తెచ్చుకోవాలి. వెతికినప్పుడు పైన కనిపించే ప్రకటన మీద నొక్కకండి. అసలు పేరుకు దగ్గరగా ఉండే నకిలీ చిరునామాలు ఎన్నో ఉన్నాయి. సెవెన్–జిప్ అసలు చిరునామా చివర డాట్ ఆర్గ్ ఉంటుంది, డాట్ కామ్ కాదు. తయారుచేసినవాళ్ళ ఇల్లు కూడా ఎప్పుడైనా గుల్ల కావచ్చు: 2017లో చెత్త ఫైళ్ళు ఊడ్చే ప్రోగ్రాము సీక్లీనర్ సొంత సర్వరు నుంచే వైరస్ కలిసిన వెర్షన్ లక్షలమందికి చేరింది. అంతమాత్రాన క్రాకులూ ఇవీ ఒకటేనని వాదించేవాళ్ళు ఒకటి గమనించాలి. సీక్లీనర్ విషయం బయటపడింది, ప్రకటించారు, సరిచేశారు. క్రాకులో ఏముందో మీకు చెప్పే బాధ్యత ఎవరికీ లేదు.

బావ షాపులో ఇప్పుడు ఎవ్రీథింగ్ అనే ఫైళ్ళు వెతికే ప్రోగ్రాము ఉంది. పేరు కొడుతుంటే ఫైళ్ళు కళ్ళ ముందు వాలతాయి. ఇది డిస్కంతా గాలించదు; విండోస్ తన దగ్గర రాసుకున్న ఫైళ్ళ పట్టికను నేరుగా చదువుతుంది. అందుకే లక్షల ఫైళ్ళలోనూ రెప్పపాటులో దొరుకుతుంది. పేరు తెలుగులో ఉన్నా దొరుకుతుంది. ఫైలు లోపలి మాటర్ వెతకాలన్నప్పుడే చిక్కు: డీటీపీ షాపుల్లో వాడే అను ఫాంట్లలో కొట్టిన మాటర్ యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కాదు, తెలుగులో వెతికితే దొరకదు. ఈ విషయంలోనూ మనకు ఉచితంగా ఇచ్చినవాళ్ళు ఉన్నారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు చేసి ఇచ్చారు. ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగులో వచ్చే లేఖినిని వీవెన్ చేసి ఇచ్చారు. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ ఏళ్ళ తరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును తెలుగులోకి తెస్తోంది. ఈ పేర్లు డీటీపీ షాపుల్లో తెలియకపోవడం నాకు బాధ.

వస్తువుల విషయంలోనూ మోసాలు పట్టుకునే సాధనాలు ఉచితంగానే ఉన్నాయి. నాలుగు వందలకు రెండు టీబీ పెన్‌డ్రైవు అని అమ్ముతున్నారు కదా, దయచేసి కొనకండి. కొనేసి ఉంటే ఒక్క ఫొటో కూడా పెట్టకముందే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ నడపండి. ఇది ఒక జర్మన్ కంప్యూటర్ పత్రిక నుంచి వచ్చింది. పెన్‌డ్రైవు నిండా రాసి, రాసినదంతా తిరిగి చదివి పోల్చి చూస్తుంది. లోపల నిజంగా ఎంత ఉందో బయటపడుతుంది. ఇలాంటి పెన్‌డ్రైవుల్లో దాన్ని నడిపే చిప్పు (కంట్రోలరు) తన సైజు గురించి కంప్యూటరుకు అబద్ధం చెబుతుంది. నిండిన తరువాత రాసినదంతా పోతుంది, ఫైళ్ళ పేర్లు మాత్రం కనిపిస్తూనే ఉంటాయి. పెళ్ళి వీడియోలు ఇలా పోగొట్టుకున్నవాళ్ళను చూశాను.

నాకు ఇష్టమైన మరో వస్తువు యూఎస్‌బీ మీటరు. చార్జరుకూ ఫోనుకూ మధ్య పెడితే ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు వెళుతున్నాయో చూపిస్తుంది. ఫోను బ్యాటరీ పోయిందనుకుని మార్పించడానికి బయలుదేరిన మా అత్తయ్యకు కేబులే చెడిందని దీనితోనే చూపించాను. పాత కంప్యూటరులో తేదీ పదేపదే వెనక్కి పోతూ, ఏ వెబ్‌సైటు తెరిచినా భద్రత లేదని హెచ్చరిక వస్తుంటే ముందు మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ మార్చి చూడండి. గడియారాల షాపులో దొరుకుతుంది. దానికోసం విండోస్ మళ్ళీ ఎక్కించి డబ్బు తీసుకునేవాళ్ళు ఉన్నారు.

ఖరీదైన సాఫ్ట్‌వేరు అక్కరే లేదని నేను అనను. ప్రెస్సువాళ్ళు ఫలానా రకం ఫైలే కావాలంటారు. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్, పేజీలు కూర్చే స్క్రైబస్ వంటి ఉచిత ప్రోగ్రాములు ఎంత మంచివైనా ఆ ఒత్తిడి నిజం. కానీ దాని మీదే బతుకుతున్నప్పుడు ఇంకు, కాగితం ఖర్చుల్లాగే లైసెన్సునూ ఖర్చుల్లో రాసుకోవాలి. బావ ఒక్క కంప్యూటరుకు కొన్నాడు. మిగతా రెండింటిలో ఉచితమైనవే.

ఇచ్చేవాళ్ళ వైపు కూడా చూడండి. 2024 మార్చిలో లైనక్సు ప్రపంచమంతా వణికింది. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాధనంలోకి ఎవరో నమ్మకంగా చేరి, రెండేళ్ళకు పైగా పనిచేసి, దొంగదారి పెట్టారు. లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానించి ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు దాన్ని పట్టుకున్నాడు. అంత ముఖ్యమైన సాధనాన్ని ఏళ్ళుగా మోస్తున్నది ఒకే ఒక్క మనిషి, అదీ జీతం లేకుండా, అలసిపోయి. ఆ అలసట సందులోంచే దొంగ లోపలికి వచ్చాడు. మనం రోజూ వాడేవి ఇలా ఒకరిద్దరి భుజాల మీద నిలబడి ఉన్నాయి. ఏడాదికి వంద రూపాయలు పంపగలిగితే పంపండి. లేకపోతే తెలుగు అనువాదంలో ఒక పేజీ పూర్తి చేయండి, కనపడిన తప్పును వివరంగా రాసి పంపండి.

మొన్న బావ దగ్గరకు వెళ్ళినప్పుడు వెంటాయ్ అనే ఉచిత ప్రోగ్రాము ఎక్కించిన పెన్‌డ్రైవు ఒకటి ఇచ్చాను. అందులో విండోస్, లైనక్స్, మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్ అన్నిటి ఐఎస్ఓ ఫైళ్ళనూ (ఒక్కో డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా చేసినవి) మామూలుగా కాపీ చేస్తే చాలు, కంప్యూటరు మొదలయ్యేటప్పుడు కావలసినదాన్ని ఎంచుకోవచ్చు. బావ దానికి ఎర్రదారం కట్టి గల్లాపెట్టె పక్కన మేకుకు తగిలించాడు. షాపు కుర్రాడు ఈమధ్య రెండు వీధుల అవతల ఎవరి కంప్యూటరో బాగుచేయడానికి దాన్ని తీసుకెళ్ళాడట. నేను ఉన్నంతసేపూ మేకు ఖాళీగానే ఉంది.