ఏడబ్ల్యూఏలో మూడు వచ్చిందని కలం పక్కవాడి చేతికి ఇవ్వనక్కరలేదు

అమెరికా దరఖాస్తుల కాలం వచ్చిందంటే విశాఖలో ఇంజనీరింగ్ చదివిన పిల్లలున్న ప్రతి ఇంటి వాట్సాప్‌లోనూ ఒక సందేశం తిరుగుతుంది. పేరూ ఊరూ లేని ఈ ఆకాశరామన్న ఉత్తరాన్ని స్నేహితులు, బంధువులు, నా దగ్గర చదువుకున్న పిల్లల తల్లిదండ్రులు నాకు పంపుతూనే ఉన్నారు. ఇక ఊరుకోలేక జవాబు రాస్తున్నాను. అందులో ఉన్నది ఇదీ: అక్కడి పీజీ చదువులకు రాసే జీఆర్ఈ పరీక్షలో లెక్కల విభాగమైన క్వాంట్, ఇంగ్లీషు విభాగమైన వెర్బల్ కలిపి 340కి 320 దాటినా, వ్యాసం రాసే విభాగమైన ఏడబ్ల్యూఏలో ఆరుకు 3.5 రాకపోతే దరఖాస్తును ఎవరూ తెరిచి చూడరట. రెండు వ్యాసాలనూ దిద్దేది యంత్రమే కాబట్టి పొడుగ్గా రాస్తే చాలట. తగ్గితే ఆ ఒక్క విభాగమే మళ్లీ రాసుకోవచ్చట. తక్కువ వచ్చినవాళ్లకు వీసా కూడా కష్టమట. తెలుగు మీడియం పిల్లలకు ఇంగ్లీషులో ఆలోచించి రాయడం ఎలాగూ రాదు కాబట్టి వ్యాసానికి టెంప్లేట్ బట్టీ పట్టి, ఆ చదువు ఎందుకు కావాలో దరఖాస్తుతో రాసి పంపే ఎస్ఓపీని డబ్బిచ్చి రాయించుకోవడమే మార్గమట.

చిన్నవాటిని ముందు తేల్చేస్తాను. 2023 సెప్టెంబరు 22 నుంచి వ్యాసం ఒక్కటే, సమయం ముప్పై నిమిషాలు. రెండు వ్యాసాల గురించి చెబుతున్న సందేశం ఎప్పటిదో దీన్నిబట్టే తెలుస్తుంది. దిద్దేది యంత్రం ఒక్కటే కాదు; శిక్షణ పొందిన మనిషి చదివి మార్కు వేస్తారు, ఈ-రేటర్ అనే ప్రోగ్రాం మరొకటి వేస్తుంది, రెండింటికీ పొంతన కుదరకపోతే ఇంకొక మనిషి చదువుతారు. ఏడబ్ల్యూఏ ఒక్కటే మళ్లీ రాసే వీలు లేదు. 21 రోజుల ఎడంతో, ఏ పన్నెండు నెలల్లోనైనా ఐదుసార్లకు మించకుండా, పరీక్ష మొత్తం రాయాలి. ఒక తేదీ నాటి క్వాంట్‌నూ మరో తేదీ నాటి ఏడబ్ల్యూఏనూ జతచేసి పంపడమూ కుదరదు. విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసాకు ఏడబ్ల్యూఏలో ఇంత రావాలన్న నిబంధన ఎక్కడా లేదు.

3.5 సంగతికి కాస్త నెమ్మదిగా జవాబు చెప్పాలి. ఏదో ఒక మార్కును గీతగా పెట్టుకుని దరఖాస్తులను వేరుచేయవద్దని పరీక్ష పెట్టే ఈటీఎస్ సంస్థే విశ్వవిద్యాలయాలకు చెబుతుంది. 2020 తర్వాత జీఆర్ఈనే తప్పనిసరి చేయని విశ్వవిద్యాలయ విభాగాలు చాలా ఉన్నాయి. అయినా సందేశంలో నిజం అసలే లేదని నేను అనను. ఏడబ్ల్యూఏలో కనీసం ఇంత ఉండాలని ప్రకటించే విభాగాలు కొన్ని ఉన్నాయి. రాయడమే ప్రధానమైన పనిగా ఉండే చరిత్ర, పత్రికారచన, ప్రజావిధానం వంటి చదువులకు, ముఖ్యంగా పీహెచ్‌డీకి దరఖాస్తు చేసేవారికి 2.5 నిజంగానే ఇబ్బంది పెడుతుంది. అలాంటివారు మళ్లీ రాయడమే మంచిది. కంప్యూటర్ సైన్స్‌లో ఎంఎస్‌కు వెళ్లదలచుకున్నవాడికి 3 వస్తే మాత్రం, ఆ ఒక్క కారణంతో వేల రూపాయల ఫీజు మళ్లీ కట్టేముందు తాను దరఖాస్తు పెట్టబోయే విభాగాల వెబ్ పేజీలు తెరిచి చదువుకోవాలి.

ఇక సందేశంలోని చివరి మాట, తెలుగు మీడియం పిల్లలకు రాయడం రాదన్నది. నాకు కోపం తెప్పించింది ఇదే. ఇరవై రెండేళ్ల పిల్లకు "నీకు రాయడం రాదు, ఎప్పటికీ రాదు" అని చెప్పే హక్కు ఎవరిచ్చారు? ఏడబ్ల్యూఏ కొలిచేది అరగంటలో, తప్పులు పట్టే సాఫ్ట్‌వేర్ లేకుండా, అప్పటికప్పుడు ఇచ్చిన అంశంపై రాసిన ఒక్క చిత్తుప్రతిని. అందులో మార్కు పోగొట్టేది చాలాసార్లు ఇంగ్లీషు కాదు, ప్రశ్నను సరిగా చదవకపోవడం. ప్రతి అంశం కింద ఏమి చేయాలో సూచన ఉంటుంది: ఒకచోట ఆ సలహా ఏ పరిస్థితుల్లో పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో చెప్పమంటారు, మరొకచోట ఎదుటివారి వాదానికి జవాబివ్వమంటారు. బట్టీ పట్టిన పేరాకు ఈ తేడా ఎలా తెలుస్తుంది? పైగా ఇతరుల వ్యాసాలతో అసాధారణంగా పోలిన రాత కనబడితే స్కోరు రద్దు చేసే అధికారాన్ని ఈటీఎస్ తన చేతిలో ఉంచుకుంది. ద్వారకానగర్ కోచింగ్ సెంటర్‌లో ఒకే బెంచీపై కూర్చున్న పదిమంది ఒకే పేరా బట్టీ పట్టి రాస్తే కష్టపడి తెచ్చుకున్న క్వాంట్ కూడా దానితోపాటే పోవచ్చు. అప్పుడు ఈ సందేశం పంపినవారు వచ్చి ఫీజు కడతారా?

ఎస్ఓపీ సలహా ఇంకా హానికరమైనది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి మెకానికల్ పూర్తిచేసిన గాజువాక అమ్మాయి ఒకతె ఏడబ్ల్యూఏలో 3 వచ్చిందని దిగులుపడి, డబ్బిచ్చి రాయించుకున్న ఎస్ఓపీని నాకు చూపించింది. "చిన్ననాటి నుంచీ యంత్రాలంటే నాకు అమితమైన ఆసక్తి" అని మొదలైంది. ఆమె పేరు తీసేసి ఎవరి పేరు పెట్టినా సరిపోతుంది. ప్రాజెక్టులో ఏం చేశావమ్మా అని తెలుగులోనే అడిగాను. ఫిషింగ్ హార్బర్‌లో ఐసు పడవ దాకా చేరేలోగా ఎంత కరుగుతోందో తూచామని, గోనెపట్టా కప్పిన బుట్టకూ థర్మోకోల్ పెట్టెకూ తేడా చూశామని, ఒక పూట కాటా తడిసి తూకాలపై అనుమానం వస్తే ఆ రోజు లెక్కలన్నీ తీసేసి మళ్లీ కొలిచామని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అదే ఇంగ్లీషులో రాయమంటే రాసింది. ఆర్టికల్స్ కొన్ని తప్పాయి, ఒక వాక్యం మరీ సాగింది, కూర్చుని దిద్దుకుంది. అనుమానమున్న కొలతను పారేసే విద్యార్థి ఏ ప్రొఫెసరుకైనా కావాలి, ఆ సంగతి కొనుక్కున్న ఎస్ఓపీలో ఒక్క ముక్క లేదు. ఏడబ్ల్యూఏలో 3 ఉన్న దరఖాస్తులో పుస్తక భాషతో మెరిసిపోయే ఎస్ఓపీ కనబడితే చదివేవారికి ముందు కలిగేది అనుమానమే. ఎంతో కొంత లోటున్న ఆ స్కోరును పూడ్చగలిగింది సొంత రాత ఒక్కటే, దాన్నే వదులుకోమని ఈ సందేశం చెబుతోంది.

మళ్లీ రాయదలచుకున్నవారికి ఇష్యూ వ్యాసాల (ఇప్పుడున్న ఆ ఒక్క వ్యాసం పేరు ఇదే) అంశాలన్నీ ఈటీఎస్ సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. రోజుకొకటి తీసుకుని, కింది సూచనను రెండుసార్లు చదివి, స్పెల్‌చెక్ ఆపేసి అరగంట రాయండి. తర్వాత ఇంగ్లీషు చదవగలిగిన ఎవరికైనా ఇచ్చి, నేను ఏ పక్షాన ఉన్నానో, ఎందుకున్నానో చెప్పమనండి. వారు చెప్పలేకపోతే ఆ వ్యాసాన్నే మర్నాడు మళ్లీ రాయండి.