ఒక సౌండు, నలుగురు మెకానిక్కులు

కారు ఆగిపోతే పెద్ద బాధేం లేదండీ, పక్కన పెట్టి ఫోన్ చేసి ఎవర్నో ఒకర్ని పిలుచుకుంటాం. సౌండొస్తేనే నరకం. ఎందుకంటే రిపేరు సంగతి మెకానిక్కే తెలుస్తుంది గానీ సౌండు మాత్రం చెవులున్న ప్రతివాళ్ళకీ తెలిసిపోతుంది, ఇక కార్లో ఎంతమంది కూర్చుంటే అన్ని అభిప్రాయాలు.

మొన్న హైవే ఎక్కి కాస్త స్పీడు అందుకున్నామో లేదో వెనకెక్కడో దబ్‌దబ్‌దబ్‌దబ్ అని మొదలైంది. వినబడ్డం ఒక్కటే కాదు, చెవుల మీద ఒత్తిడి పడి లేస్తోంది, కార్లో గాలి మొత్తం ఊగుతోంది. నేను డ్రైవింగు, పక్కన మా బామ్మర్ది, వెనకాల మా ఆవిడ, మావగారు.

బామ్మర్ది వెంటనే కళ్ళు మూసుకున్నాడు, అలా అయితే వాడికి బాగా వినబడుతుందట. కాసేపు విని "బేరింగే బావా, డౌటే లేదు" అన్నాడు. వాడికి కారు లేదు, కానీ వీడియోలు మాత్రం తెగ చూస్తాడు. మా ఆవిడేమో "కొన్నప్పుడే చెప్పాను ఈ రంగు వద్దని" అంది. రంగుకీ సౌండుకీ ఏంటి సంబంధం అని అడిగేంత ధైర్యం కార్లో ఎవరికీ లేదు.

వాడన్నది మరీ తీసిపారేసే మాటేం కాదు. వీల్ బేరింగు పోతే స్పీడుతో పాటు సౌండూ పెరుగుతుంది, కాకపోతే అది దబ్ దబ్ అనదు, ఒకటే గుర్రుమంటుంది. పైగా స్టీరింగు ఎడమకి తిప్పితే బరువు కుడి చక్రాల మీద పడి కుడివైపు బేరింగు గొంతు పెంచుతుంది, కుడికి తిప్పితే ఎడమది. సరే చూద్దామని ముందూ వెనకా రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు మెల్లగా అటోసారి ఇటోసారి వంచాను. సౌండులో ఏ మార్పూ లేదు గానీ "ఏవండీ, నిద్రొస్తోందా?" అని వెనక నించి కేకొచ్చింది.

తర్వాత ఇంజను సంగతి. స్పీడు అలాగే ఉంచి గేరు ఒకటి తగ్గించా. ఇంజను గోల పెరిగింది, దబ్ దబ్ మాత్రం అలాగే ఉంది, అంటే ఇంజను నిర్దోషి. ఇక మిగిలింది టైర్లు. టైరు పక్కగోడ ఉబ్బినా, నట్లు లూజైనా ఇలాగే కొట్టుకుంటుంది, నట్ల విషయం అయితే అస్సలు నిర్లక్ష్యం చెయ్యకూడదు, చక్రం ఊడిపోతుంది. కానీ ఒక తిరకాసుంది. 80లో వెళ్తుంటే మామూలు కారు చక్రం సెకనుకి దాదాపు 12 సార్లు తిరుగుతుంది, స్పీడు తగ్గేకొద్దీ చక్రం తాలూకు దబదబ కూడా మెల్లమెల్లగా నెమ్మదించాలి కదా, ఇదేమో నేను బ్రేకు మీద కాలు పెట్టీ పెట్టగానే టక్కున ఆగిపోతోంది!

హజార్డ్ లైట్లేసి పక్కకి ఆపాం. నట్లన్నీ స్పానర్‌తో చూశా, బిగుతుగానే ఉన్నాయి. టైర్ల పక్కలు చేత్తో తడిమా, ఉబ్బు లేదు. సైలెన్సర్ పట్టుకున్న రబ్బర్లు బాగున్నాయి. డిక్కీలో జాకీ, స్టెప్నీ కదలట్లేదు. సీటు బెల్టు తలుపు సందులో ఇరుక్కుని బయట కొట్టుకుంటోందేమో అని అదీ చూశా, లేదు. ఈలోపు బామ్మర్ది ఒక టైరు గాడిలోంచి రాయి పీకి, దానికి ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాడు, "దొరికింది దొంగ" అని. అంత చిన్న రాయి టిక్ టిక్ అంటుందిరా, దబ్ దబ్ ఎలా అంటుందిరా అంటే వినడే. మావగారు మాత్రం కారు దిగలేదు, కిటికీ అద్దం మూసుకుని మా పనంతా శ్రద్ధగా చూస్తూ కూర్చున్నారు.

మళ్ళీ బయల్దేరాం. 40.. 50.. 60.. నిశ్శబ్దం. బామ్మర్ది కాలర్ ఎగరేశాడు. 70 దాటగానే దబ్‌దబ్‌దబ్‌దబ్.

ఈసారి ఎందుకో అద్దంలోంచి వెనక్కి చూశా. మావగారి కిటికీ సగం దిగి ఉంది, ఆయన జుట్టు హాయిగా ఎగురుతోంది. ఆయనకి ఏసీ పడదు. స్పీడందుకోగానే చల్లగాలి కోసం అద్దం దించుతున్నారు, నేను స్లో చెయ్యగానే దుమ్మొస్తుందని ఎత్తేస్తున్నారు. కారుకున్న జబ్బు ఇదీ!

ఖాళీ సీసా మూతి మీదుగా ఊదితే బూమ్మని మోగుతుంది చూడండి, అచ్చం అదే. వెనక కిటికీ ఒక్కటే తెరిస్తే కారు మొత్తం సీసా అయిపోతుంది, బయట దూసుకెళ్ళే గాలి లోపలి గాలిని సెకనుకి 15, 20 సార్లు నొక్కి వదులుతుంది. మన చెవి వినగలిగే హద్దు సుమారు 20 దగ్గర మొదలవుతుంది కాబట్టి అది వినబడ్డం కన్నా చెవుల మీద కొట్టడమే ఎక్కువ. 19వ శతాబ్దంలో హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ మోత లెక్క తేల్చాడు, ఆయన పేరే దీనికి పెట్టారు.

లెక్క తేలింది గానీ మావగారికి చెప్పేదెలా? "అద్దం ఎత్తండి" అని అల్లుడు అన్నాడంటే అది కార్లోంచి దిగేలోపు వియ్యపురాలి దాకా పోతుంది. అదృష్టం ఏంటంటే దీనికి ఇంకో వైద్యం ఉంది, ఆ కిటికీ మూయక్కర్లేదు, ఇంకో కిటికీ కొంచెం తెరిస్తే చాలు, గాలికి దారి దొరికి ఊగడం మానేస్తుంది. నా పక్క అద్దం రెండు వేళ్ళంత దించా. దబ్ దబ్ మాయం.

"బేరింగు వేడెక్కి సెట్టయిపోయింది బావా" అన్నాడు బామ్మర్ది.

"అదేం కాదబ్బాయ్, లోపల గాలాడక కారు ఉక్కిరిబిక్కిరైంది, ఇందాకట్నించీ నేను అద్దం దించుతున్నది అందుకే" అన్నారు మావగారు.

"మరి ఆ ముక్కేదో ముందే మా నాన్నని అడిగుండొచ్చు కదండీ" అంది మా ఆవిడ.