వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేస్తే బ్యాటరీ బతకదు

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి ఆరు నెలలు ఉండొచ్చే పెద్దవాళ్ల ఫోన్లలో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. కారు సెల్లార్‌లో వదిలి వెళ్తున్నారా, టెన్షన్ వద్దు, తాళం వాచ్‌మన్‌కి ఇచ్చి వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయమనండి, బ్యాటరీకి ఏమీ కాదు అని మొదలవుతుంది. దాని కింద ఇంకొన్ని సలహాలు: టెర్మినల్ (బ్యాటరీకి తగిలించే వైరు కొస) మాత్రం తీయించకండి, కారులోని కంప్యూటర్ పాడైపోతుంది, బ్యాటరీ బయటికి తీసినా సిమెంటు నేల మీద పెట్టకండి, దిగిపోతే కొంచెం యాసిడ్ పోయించండి, జంప్ చేసి (ఇంకో బండి బ్యాటరీకి కేబుళ్లు కలిపి స్టార్ట్ చేసి) పావుగంట తిప్పితే మళ్లీ నిండిపోతుంది, ఎలక్ట్రిక్ కారుకైతే ఈ గొడవే లేదు. 2020 లాక్‌డౌన్‌లోనూ ఇలాంటివే తిరిగాయి. ఇవన్నీ చూసి మా పెదనాన్న కూడా వాచ్‌మన్‌ని పిలిచి తాళం ఇవ్వబోతుంటే ఇది రాయక తప్పలేదు.

ముందు ఆ ఐదు నిమిషాల లెక్క. కారు లాక్ చేసి వెళ్లిపోయినా అందులో అన్నీ ఆగిపోవు. రిమోట్ నొక్కితే తలుపు తెరుచుకోవాలి కదా, అంటే ఆ రిసీవర్ ఎప్పుడూ మేలుకునే ఉండాలి. అలారం, గడియారం, స్టీరియో మెమరీ, ఇంజిన్ కంప్యూటర్, అన్నీ తలా కాస్త కరెంటు తీసుకుంటూనే ఉంటాయి. అన్నీ కలిపి మామూలుగా 20 నుంచి 50 మిల్లీ ఆంప్స్. మనం 30 వేసుకుందాం. అలా అయితే రోజుకి 0.72 ఏహెచ్ (ఆంపియర్ అవర్, ఒక ఆంప్ కరెంటు గంటసేపు వాడితే ఒక ఏహెచ్), వారానికి 5 ఏహెచ్. చిన్న పెట్రోలు కార్లకి వచ్చే బ్యాటరీ 35 ఏహెచ్, అంటే వారంలో ఏడో వంతు పోయింది. ఇప్పుడు వాచ్‌మన్ వచ్చి స్టార్ట్ చేశాడు. ఐడిలింగ్‌లో, అంటే బండి కదలకుండా ఇంజిన్ ఊరికే నడుస్తున్నప్పుడు, బ్యాటరీని నింపే డైనమో పూర్తి కరెంటు ఇవ్వదు, ఇచ్చిందాంట్లో కొంత ఇంజిన్ వాడుకుంటుంది, అయినా ఉదారంగా బ్యాటరీకి 20 ఆంప్స్ వెళ్తున్నాయనే అనుకుందాం: ఐదు నిమిషాలకి వచ్చేది 1.7 ఏహెచ్. పోయింది అయిదు, వచ్చింది రెండు కూడా లేదు. ఈ లెక్కన ఐదు వారాలకి బ్యాటరీ సగానికి దిగుతుంది, ఆ తర్వాత ఎప్పుడో ఒక ఆదివారం తాళం తిప్పితే టిక్ టిక్ మని ఊరుకుంటుంది. డ్యాష్‌క్యామో జీపీఎస్ ట్రాకరో ఎప్పుడూ ఆన్‌లో ఉండేలా పెట్టించుకున్నవాళ్లకి ఆ ఆదివారం ఇంకా ముందే వస్తుంది.

ఈ మెసేజ్‌ని తిట్టేవాళ్లలో కొందరు 'సెల్ఫ్ కొట్టడానికే బోలెడు చార్జింగ్ పోతుంది' అంటారు, అది కూడా సరికాదు. సెల్ఫ్ మోటారు 150 ఆంప్స్ లాగినా లాగేది ఒకటి రెండు సెకన్లు, లెక్కేస్తే 0.1 ఏహెచ్ కూడా రాదు. బ్యాటరీని దించేది మిగతా వారమంతా కారు ఊరికే నిలబడి ఉన్న సమయమే.

సగం దిగి అలాగే ఉండిపోవడం ఇంకా చెడ్డది. చార్జింగ్ తగ్గేకొద్దీ లోపలి ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే చార్జ్ చేస్తే అది కరిగిపోతుంది, వారాలకి వారాలు వదిలేస్తే గట్టిపడి మొండికేస్తుంది. అప్పుడిక షాపులో రాత్రంతా చార్జింగ్ పెట్టినా పాత కెపాసిటీ తిరిగి రాదు. పైగా బ్యాటరీ దేనికీ తగిలించకపోయినా తనంతట తాను కొంత దిగుతుంది, వేడి పెరిగితే ఆ వేగమూ పెరుగుతుంది. కొడుకు దగ్గరికి ఏప్రిల్‌లో వెళ్లి అక్టోబరులో వచ్చేవాళ్లు మన ఎండాకాలం మొత్తం ఆ బ్యాటరీ నెత్తిన పెట్టి వెళ్తున్నట్టే.

ఇంకో సంగతి, సెల్లార్ మూసి ఉన్న చోటు. అక్కడ ఇంజిన్ ఆన్ చేసి ఉంచితే వచ్చేది కార్బన్ మోనాక్సైడ్. అక్కడే గదిలో ఉండేది ఆ వాచ్‌మన్ కుటుంబమే. ఐదు నిమిషాల్లో ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు కూడా, సైలెన్సర్‌లో నీరు చేరుతుంది, ఇంజిన్ ఆయిల్‌లో పెట్రోలు కలుస్తుంది. నిజంగా కారు నడపగలిగేవాళ్లు, లైసెన్సు ఉన్నవాళ్లు, వారానికోసారి రోడ్డు మీద అరగంటో ముప్పావుగంటో తిప్పితే అది వేరే మాట, అప్పుడు ఉపయోగం ఉంది. అంబాసిడర్ల కాలంలో ఈ సలహా వల్ల నష్టం లేదు, ఎందుకంటే ఆ కారు ఆపాక తినడానికి అందులో ఎలక్ట్రానిక్స్ అనేవే లేవు.

ఇక టెర్మినల్ తీస్తే కంప్యూటర్ పాడైపోతుందన్నది. ఎవరైనా నమ్మి భయపడాల్సిన పని లేదు. ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ కరెంటు పోయినా చెరగని మెమరీలో ఉంటుంది, లేకపోతే బ్యాటరీ మార్చిన ప్రతిసారీ కారుని షోరూమ్‌కి లాక్కెళ్లాలి. పోయేవి గడియారం టైము, రేడియో స్టేషన్లు, కొన్ని కార్లలో పవర్ విండో ఆటో సెట్టింగు. ఒకటి రెండు రోజులు ఐడిలింగ్ కాస్త తేడాగా అనిపించొచ్చు. కొన్ని స్టీరియోలు కోడ్ అడుగుతాయి, అది ముందే రాసి పెట్టుకోండి. ఈ భయం బహుశా ఇంకో నిజం నుంచి పుట్టింది: ఇంజిన్ నడుస్తుండగా టెర్మినల్ పీకితే డైనమో వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసి ఎలక్ట్రానిక్స్ నిజంగానే పోవచ్చు. డైనమో పనిచేస్తోందో లేదో చూడ్డానికి పాత మెకానిక్‌లు అలా చేసేవాళ్లు, ఇప్పటి కార్లకి ఎవర్నీ చేయనివ్వకండి. ఆపేసిన కారుకి తీయడం వేరు.

ఆరు నెలలు వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఇదే: వెళ్లే ముందు బ్యాటరీ ఫుల్ చార్జ్ చేయించి, పది నంబరు స్పానరుతో నెగటివ్ వైరు తీసి, అది మళ్లీ తగలకుండా గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. చాలా కార్లకి ఆ స్పానరే సరిపోతుంది. నెగటివే ఎందుకంటే, పాజిటివ్ విప్పుతున్నప్పుడు స్పానరు బాడీకి తగిలితే షార్ట్ అయి నిప్పులు లేస్తాయి. తర్వాత రిమోట్ పనిచేయదు, డోరు తాళంచెవితోనే వేయాలి. సెల్లార్‌లో మీ పార్కింగ్ దగ్గర ప్లగ్ పాయింట్ ఉంటే నిండగానే తనే తగ్గించుకునే స్మార్ట్ చార్జర్ ఇంకా మంచిది, కానీ అంత అదృష్టం ఎన్ని అపార్ట్‌మెంట్లలో ఉంది? బ్యాటరీకి నాలుగేళ్లు దాటితే మాత్రం ఏం చేసినా గ్యారంటీ లేదు. చవక మల్టీమీటరు ఉంటే, కారు రాత్రంతా ఆపి ఉంచి పొద్దున చూడండి: 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 కన్నా తక్కువంటే దాదాపు అయిపోయినట్టు.

సిమెంటు నేల మాట కర్ర పెట్టెల్లో బ్యాటరీలు వచ్చిన రోజులది. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాకి నేల ఏదైనా ఒకటే.

యాసిడ్ పోయించడం మాత్రం ఎవరూ చేయకండి. బ్యాటరీలో తగ్గేది నీళ్లు, యాసిడ్ కాదు. మూతలు విప్పే రకమైతే గీత దాకా డిస్టిల్డ్ వాటర్ పోయాలి, అంతే. ఆర్‌వో నీళ్లూ, ఏసీ నుంచి కారే నీళ్లూ కూడా వద్దు.

జంప్ చేసి పావుగంట తిప్పితే నిండిపోతుందట. పూర్తిగా దిగిన బ్యాటరీ నిండడానికి గంటలు పడుతుంది, పావుగంటకి మళ్లీ ఒకసారి స్టార్ట్ అయ్యేంత వస్తే గొప్ప. ఇంటికి చేరాక చార్జింగ్‌కి పంపాల్సిందే. అంతకన్నా ముఖ్యం, హైవే మీద ఎవరూ దొరక్క లారీవాళ్లని ఆపి వాళ్ల బ్యాటరీల నుంచి కనెక్షన్ తీసుకుంటారు చూడండి, పెద్ద లారీల్లో రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు ఉంటుంది, 12 వోల్టుల కారుకి అది తగిలిస్తే ఏమేం కాలుతాయో చెప్పలేం. ఇంకో కారునే ఆపండి. కేబుళ్లలో ఆఖరిగా తగిలించే నల్లది దిగిపోయిన బ్యాటరీ మీద కాకుండా దూరంగా ఇంజిన్ ఇనుముకి పెట్టండి, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉంటుంది, నిప్పురవ్వ చాలు.

ఎలక్ట్రిక్ కార్లున్నవాళ్లు నవ్వుకుంటున్నారేమో, వాటిలోనూ చాలావరకు బానెట్ కింద చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది. తలుపులు, స్క్రీను, కారుని నడిపే పెద్ద బ్యాటరీని ఆన్ చేసే రిలేలు (స్విచ్చులు), అన్నీ దాని మీదే నడుస్తాయి. అది దిగితే పెద్ద బ్యాటరీ 80 శాతం ఉన్నా కారు కదలదు. కొన్ని మోడళ్లు పెద్దదాంట్లోంచి చిన్నదాన్ని అప్పుడప్పుడూ నింపుకుంటాయి, కొన్ని నింపుకోవు. మీది ఏ రకమో వెళ్లే ముందే మాన్యువల్‌లో చూసుకోండి, రిమోట్‌లో దాచిన ఇనప తాళంచెవి ఎలా బయటికి తీయాలో కూడా అక్కడే ఉంటుంది.