కాక్‌టెయిల్ గ్లాసులోని పెద్ద ఐసుగడ్డ గారికి

మహారాజశ్రీ ఐసుగడ్డ గారి దివ్యసముఖానికి,

హైదరాబాదులో మా కాలనీ మలుపున, ఒకప్పుడు ఇస్త్రీ దుకాణం ఉన్న చోట వెలసిన కాక్‌టెయిల్ బారులో, శనివారం రాత్రి తమరి దర్శనం చేసుకున్న ఒక సామాన్య వినియోగదారుడు రాసుకునే విన్నపం. ఆ రాత్రి నేను అడిగింది ఓల్డ్ ఫ్యాషన్డ్ అనే విస్కీ పానీయం, వచ్చింది తమరు. ఇంటి గోడకూ ప్రహరీకీ మధ్య సందులో వాననీరు నిలిచినట్లు, తమరి చుట్టూ నా విస్కీ నిలిచి ఉంది.

ఘనాకారులైన తమరి ఒక్కో భుజం కొలత ఐదు సెంటీమీటర్లకు తగ్గదు. అంటే తమరి ఘనపరిమాణం కనీసం 125 మిల్లీలీటర్లు. నేను డబ్బు కట్టిన విస్కీ 60 మిల్లీలీటర్లు. వైన్ షాపులో సీసా కొని పక్కనున్న పర్మిట్ రూములో ప్లాస్టిక్ గ్లాసు, నీళ్ళ ప్యాకెట్, ఉడికించిన శనగలు ముందు పెట్టుకుని కూర్చున్నవాడికి తాను ఎంత తాగాడో, ఎంత కట్టాడో తెలుసుకోవడానికి ఘనపరిమాణాల పాఠం గుర్తుండనక్కరలేదు, ఎందుకంటే పరిమాణమూ ధరా సీసా మీదే అచ్చువేసి ఉంటాయి. తమరి నెత్తిన మాత్రం బారు పేరులోని మొదటి అక్షరం తప్ప మరేమీ లేదు.

తమరి గొప్పతనాన్ని వెయిటరు నాకు ఓపికగా వివరించాడు. నీటిని ఒకే వైపు నుంచి నెమ్మదిగా గడ్డకట్టిస్తే గాలిబుడగలూ మలినాలూ చివరి భాగానికి చేరుతాయనీ, ఆ మసక భాగాన్ని కోసి పారేయగా మిగిలిన నిర్మలమైన ముక్కే తమరనీ చెప్పాడు. అంతవరకు నిజమే. తమరు కరగరు కనుక మందు పలచబడదన్న మాట దగ్గరే నాకు పేచీ. ఒక గ్రాము మంచు కరుగుతూ సుమారు 80 కేలరీల వేడిని పీల్చుకుంటుంది. చల్లదనమంతా దాదాపు ఆ కరగడంలోనే ఉంది. తమరినే ఎనిమిది సమాన ఘనాలుగా కోస్తే ఉపరితలం రెట్టింపవుతుంది, పని కూడా చురుకుగా సాగుతుంది. తమరు నెమ్మదిగా కరుగుతారంటే నెమ్మదిగా పనిచేస్తారని అర్థం. ప్రభుత్వ కార్యాలయాల్లో సైతం దీనికి అదనంగా వసూలు చేస్తారు గానీ, ప్రత్యేకతగా మెనూలో అచ్చువేయరు. పైగా 1806లో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ పట్టణపు పత్రిక ఒకటి కాక్‌టెయిల్ అంటే ఏమిటో చెప్పినప్పుడు మద్యం, చక్కెర, బిట్టర్స్ అనే చేదు మూలికల సారంతో పాటు నీళ్ళను కూడా లెక్కలో చేర్చింది.

మరి నా విస్కీ చల్లగా ఎందుకుంది? కౌంటరు దగ్గరే కూర్చున్నాను కనుక చూశాను. బార్‌టెండరు విస్కీ, చక్కెర పాకం, బిట్టర్స్ ఒక పెద్ద గాజు పాత్రలో పోసి, అందులో మామూలు ఐసుముక్కలు గుప్పించి, పొడవాటి చెంచాతో అర నిమిషం పాటు శ్రద్ధగా తిప్పాడు. విస్కీని చల్లబరచిందీ, దాని ఘాటు విరిచి తాగదగినదిగా చేసిందీ పేరూ ముద్రా లేని ఆ ముక్కలే. పని పూర్తి కాగానే విస్కీని వడకట్టి తమరి మీద పోసి, ఆ ముక్కలను సింకులోకి దులిపేశాడు. తరువాత తమరిని గాజు బోను కింద పెట్టి, దాల్చినచెక్క పొగ పట్టించి, బోను ఎత్తారు. పక్క బల్లల వాళ్ళు సైతం ఫోన్లు తీశారు. పొగ దేనికో నాకు ఇప్పటికీ బోధపడలేదు, అది వేరే లేఖ.

తమరి వంశం చిన్నదని నేననడం లేదు. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వర్తకుడు 1833లో అమెరికా సరస్సుల మంచును ఓడలో నాలుగు నెలలు ప్రయాణం చేయించి కలకత్తాకు చేర్చాడు. మద్రాసు సముద్రతీరాన 1842లో తమరి పూర్వీకుల కోసం కట్టిన ఐస్ హౌస్ ఇప్పటికీ ఉంది. 1897లో వివేకానందుడు అక్కడ బస చేయడంతో అది ఆయన పేరున వెలుగుతోంది. దొరల గ్లాసుల కోసమే వచ్చినా ఆ మంచు దారి పొడవునా కరుగుతూనే వచ్చింది. తమరి దాయాదులు నేటికీ ముషీరాబాద్ చేపల మార్కెట్టులో, చెరకు రసం బండ్ల మీద, గోనెసంచీల్లో సుత్తిదెబ్బలు తిని పనిచేస్తూనే ఉన్నారు.

నా విస్కీ అయిపోయాక కూడా తమరి మీది అక్షరం చదవగలిగేలానే ఉంది. మద్యానికి జీఎస్టీ వర్తించదు, తినుబండారాలకు వర్తిస్తుంది. మరి తమరు మద్యమా, ఆహారమా అని బిల్లు తెచ్చిన వెయిటరును అడిగాను. మేనేజరును పిలుస్తానన్నాడు. పోనీ, సొమ్ము కట్టాను కనుక తమరిని పార్శిలు చేసి ఇమ్మంటే నవ్వి, గ్లాసు తీసుకుపోయాడు.

కావున వచ్చే శనివారం తమరికి బదులు, ఆ సింకులో పడే ముక్కల్లోంచి ఓ గుప్పెడు నా గ్లాసులో వేయించి, ఖాళీ కాబోయే చోటును దేనితో నింపాలన్న సంగతి యాజమాన్యంతో తమరే మాట్లాడవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
కౌంటరు దగ్గర, ఎడమ నుంచి మూడో స్టూలు